పాత బండి, మట్టి పందెం, మనవాళ్ళు

సంచిక సంపాదకులు ఈసారి నన్ను చరిత్ర వ్యాసం వ్రాయమన్నారు. శాతవాహనులో, కాకతీయులో, కృష్ణదేవరాయలో అయితే నాకంటే బాగా వ్రాయగలవారు మన సంఘంలోనే పదిమంది ఉన్నారు. పైగా నా తెలుగు సాయంకాలం క్లాసులో నేర్చుకున్న తెలుగు. మా తాతగారు మలయా కొబ్బరి తోటలకు వెళ్ళిననాడు వెంట తీసుకుపోయిన భాష మా నాన్నగారి నాటికి సగమై, నా దగ్గరకు వచ్చేసరికి పండుగ మాటలు మాత్రం మిగిలింది. ఆ మిగతాది యాభై దాటిన తరువాత ఫింటాస్‌లో కూర్చుని నేర్చుకున్నాను. అంచేత పెద్ద విషయాల జోలికి పోకుండా, ఆ క్లాసులో నా పక్క కుర్చీలో కూర్చునే కుర్రవాడు అడిగిన ఒక ప్రశ్నకు జవాబు వ్రాస్తాను.

అతనికి ఇరవై రెండేళ్ళు. పుట్టింది కువైట్‌లో, ఇంటివారిది కడప వైపు రాజంపేట. పాత టయోటా కరోలా ఒకటి కొన్నాడు. 1982 నాటిది, వెనుక చక్రాలు లాగే రకం. దాన్ని బాగుచేసి మట్టి మైదానంలో పందేనికి దింపాలని అతని కోరిక. ఇంట్లో పెద్ద గొడవ. ఒకరోజు క్లాసు అయిపోయాక అడిగాడు: "సార్, మా అబ్బ వద్దంటాండాడు. బతుకుదెరువుకు బండి తోలినోళ్ళం, ఆటకు తోలే జాతి గాదు మనది అంటాండాడు. నిజంగా మనోళ్ళెవరూ కార్ల పందెం తోలలేదా సార్?"

(కడప వైపు తండ్రి తండ్రిని అబ్బ అంటారట. మా పాఠ్యపుస్తకంలో ఈ మాట లేదు.)

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి, అడిగి తెలుసుకున్నది ఇది.

ముందు ఆ పందెం సంగతి. దీన్ని ర్యాలీక్రాస్ అంటారు. 1967 ఫిబ్రవరి 4వ తేదీన ఇంగ్లండులో కెంట్ జిల్లాలోని లిడెన్ హిల్ అనే చోట మొట్టమొదటిసారి జరిగింది. అసలు కారణం టెలివిజన్. ర్యాలీలు అడవుల్లో, కొండల్లో, రాత్రిళ్ళు జరుగుతాయి, కెమెరాకు అందవు. శనివారం మధ్యాహ్నం ఆటల కార్యక్రమంలో చూపడానికి వీలుగా, సగం తారు, సగం మట్టి ఉన్న చిన్న చుట్టుదారి మీద ర్యాలీ కార్లను కలిపి తోలించారు. ఆ రోజు పోర్షె 911 తోలిన విక్ ఎల్ఫర్డ్ గెలిచాడు. అది యూరప్ అంతటా పాకి, 2014లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్థాయికి చేరింది. అమెరికాలో ఇదే పేరుతో ఇంకొక పద్ధతి ఉన్నది. పచ్చికలోనో మట్టిలోనో శంకువులు నిలబెట్టి, ఒక్కొక్క కారునే వదలి, గడియారంతో కాలం కొలుస్తారు. పక్క కారు గుద్దే భయం లేదు, వేగమూ తక్కువే. రోజూ ఆఫీసుకు వెళ్ళే పాత కారుతోనే ఆదివారం పోటీ చెయ్యవచ్చు. మన కుర్రవాడు తయారవుతున్నది ఈ రెండవ రకానికి.

తెలుగులో దీన్ని ఏమనాలి అని మా క్లాసులో చర్చ వచ్చింది. 'పోటీ' అన్నారు ఒకరు. నాకు 'పందెం' నచ్చింది. ఎడ్ల పందెం, బండలాగుడు పందెం చూసినవారికి మట్టిలో పరుగు కొత్త కాదు. అక్కడ ఎద్దును ఏడాది పొడుగునా మేపి, తోమి, మాలిష్ చేసి తయారు చేసేవాడే అసలైన పందెగాడు. తోలేది కొన్ని నిమిషాలే. కారు పందెమూ అంతే. ఈ మాట గుర్తుంచుకుంటే తక్కిన కథ సులభంగా అర్థమవుతుంది.

ఇక మనవాళ్ళ సంగతి. నేను మొదట హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వెతికాను. విజయవాడ ఆటోనగర్‌లో లారీని ఎముకల దాకా విప్పి మళ్ళీ నిలబెట్టగల మేస్త్రీలు ఉన్నారని అందరికీ తెలుసు. కానీ పందేల చరిత్ర వెతుకుతూ పోతే దారి ఆంధ్రదేశం దాటి తమిళనాడులోని కోయంబత్తూరుకు తీసుకుపోయింది. మనలాంటి వలసవారి దగ్గరకే అన్నమాట.

విజయనగర రాజుల కాలంలో, ఆ తరువాత నాయక రాజుల కాలంలో తెలుగు రైతు కుటుంబాలు దక్షిణానికి వెళ్ళి, కొంగునాడు నల్లరేగడి భూముల్లో పత్తి పండించుకుంటూ స్థిరపడ్డాయి. నూర్ల ఏళ్ళు గడిచాయి. బడిలో తమిళం, సంతలో తమిళం, ఇంట్లో మాత్రం తెలుగు. చదవడం వ్రాయడం పోయినా మాట పోలేదు. (మా మలయా కుటుంబానికి మూడు తరాలు కూడా పట్టలేదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గు.) 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చిన తరువాత కోయంబత్తూరులో నూలు మిల్లులు వరుసగా లేచాయి. మిల్లుకు యంత్రం కావాలి, యంత్రానికి విడిభాగం కావాలి, పొలంలో బావికి మోటారు పంపు కావాలి. సీమ నుంచి తెప్పించుకోవాలంటే నెలలు పడుతుంది. కనుక అక్కడే పోత పోసుకున్నారు, అక్కడే తరణి పట్టారు. ఊరు ఊరంతా వర్క్‌షాపు అయింది.

ఆ ఊరి పెద్దల్లో జి.డి. నాయుడు గారి పేరు చాలామంది వినే ఉంటారు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో తెలుగు మాట్లాడే రైతు ఇంట పుట్టారు. బడి చదువు ఒంటబట్టలేదు. ఒక ఆంగ్లేయ ఉద్యోగి తొక్కుతున్న రడ్జ్ మోటారు సైకిలు చూసి, దాన్ని సొంతం చేసుకోవాలని పట్టుబట్టి, హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి కొన్నారు. కొన్న తరువాత ఆయన చేసిన మొదటి పని ఊరేగడం కాదు. దాన్ని పూర్తిగా విప్పి, మళ్ళీ బిగించడం. 1920లో ఒకే ఒక బస్సు కొని పొళ్ళాచ్చి, పళని మధ్య తానే నడిపారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద బస్సు సంస్థగా పెరిగింది. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి మనదేశంలోనే తయారైన తొలి విద్యుత్తు మోటారును తెచ్చారు. 1974లో కాలం చేశారు. 2015లో కోయంబత్తూరులో ఆ కుటుంబంవారు పాత కార్ల మ్యూజియం ఒకటి తెరిచారు.

ఆయన పందెగాడు కారు. అయినా ఆయనను ముందు చెప్పడానికి కారణం ఉన్నది. బతుకుదెరువుకు బస్సు తోలినవాడే యంత్రం మీద మోజుతో దాని లోగుట్టు పట్టాడు. బతుకుదెరువు వేరు, మోజు వేరు అని మన అబ్బ అనే మాట ఆయన దగ్గర నిలబడదు.

స్వాతంత్ర్యం వచ్చాక కొన్ని దశాబ్దాల పాటు భారతదేశంలో కారు కొనాలంటే లైసెన్సుల రాజ్యం. దొరికేవి మూడే రకాలు: అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. విదేశీ కారు దిగుమతికి పన్ను భారం. కొత్త బండికి బుకింగు కట్టి ఏళ్ళ తరబడి కాచుకోవాలి. పందెం తోలాలని ఉన్నవాడు ఏం చేస్తాడు? ఉన్న పాత బండినే పదును పెట్టుకుంటాడు. ఫియట్ 1100 ఇంజను 1,089 సీసీలది. హెడ్డును కొంచెం అరగదీసి కంప్రెషన్ పెంచడం, గాలి పోయే దారులను నునుపు చెయ్యడం, ఒక కార్బరేటర్ ఉన్నచోట రెండు అమర్చడం, సీట్లు, తలుపుల అట్టలు ఊడబీకి బరువు తగ్గించడం ఇవే ఆనాటి విద్యలు. హెరాల్డ్‌కు ఒక సుగుణం ఉండేది. బోనెట్ మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకు ఒరిగేది. ఇంజనుకు ఇరుపక్కలా నిలబడి పని చేసుకోవచ్చు. దుర్గుణమూ ఉండేది. మలుపులో గట్టిగా తిప్పితే వెనుక చక్రం లోపలికి ముడుచుకుని బండి పల్టీ కొట్టే ప్రమాదం. అందుకని వెనుక కమాను కట్టను సరిచేసి ఎత్తు దించేవారు. పుస్తకంలో ఉన్నది కొంత, చేతికి తెలిసింది ఎక్కువ.

ఈ బండ్లు పరుగెత్తినది షోలవరంలో. మద్రాసు నుంచి నెల్లూరు వెళ్ళే రోడ్డు మీద, రెడ్‌హిల్స్ దాటాక వచ్చే ఊరు. రెండవ ప్రపంచయుద్ధం నాటి విమానాల దారి అక్కడ ఖాళీగా పడి ఉంటే, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారు దాని మీద 1950ల నుంచి 1980ల చివరి దాకా పందేలు నడిపారు. యుద్ధవిమానాల కోసం వేసిన దారి కదా, మలుపులు తక్కువ, ఎండ ఎక్కువ. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన పందెపు దారి తెరిచిన తరువాత షోలవరం కథ ముగిసింది.

షోలవరంలో పేరు తెచ్చుకున్నవారిలో ఎస్. కరివర్ధన్ ఒకరు. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ స్థాపకులు జి. కుప్పుస్వామి నాయుడు గారి వంశంవారు. తాను తోలడంతో ఆగకుండా పందెం కార్లు కట్టించారు. మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. దాని 796 సీసీల చిన్న ఇంజను పెట్టి, ఒకే సీటున్న చవక పందెం కారును 1980ల చివరిలో తెచ్చారు. దానికి ఫార్ములా మారుతి అని పేరు. కోట్లు లేని కుర్రవాడు కూడా పందెంలోకి దిగడానికి దారి దొరికింది. 1995లో చిన్న విమానం కూలి కరివర్ధన్ చనిపోయారు. 2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో తెరిచిన దారికి ఆయన పేరే పెట్టారు: కరి మోటార్ స్పీడ్‌వే. ఆ ఊరి మరొక ర్యాలీ వీరుడు జి.ఆర్. కార్తికేయన్, దక్షిణ భారత ర్యాలీని ఏడుసార్లు గెలిచినవారు. ఆయన కుమారుడు నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు వేసింది ఫార్ములా మారుతిలోనే. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడు ఆయన. ఆ యేడు అమెరికా పందెంలో నాలుగవ స్థానం. (ఆ రోజు టైర్ల తగాదా వల్ల పరుగెత్తినవి ఆరు కార్లే. అయినా నాలుగు నాలుగే.)

ఇక్కడ నేనొక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. వీరంతా మిల్లుల కుటుంబాలవారు, డబ్బున్నవారు. "చూశారా, నేను చెప్పలేదూ" అంటాడు మన అబ్బ. ఒక సగం ఆయనదే నిజం. కాని కారు కింద పడుకున్నవాళ్ళెవరు? హెడ్డు అరగదీసినవాడు, రాత్రంతా గేర్‌బాక్సు విప్పి తెల్లవారకముందే బిగించినవాడు, లారీలో బండి ఎక్కించుకుని షోలవరం దాకా పోయినవాడు ఎవరు? గెలిచిన తోలరి పేరు మరునాటి పేపరులో వచ్చింది. మేస్త్రీ పేరు రాలేదు. నేను ఎంత వెతికినా ఒక్క పేరు దొరకలేదు. బడిపంతులుగా పిల్లలకు రాజుల పేర్లు వల్లె వేయించి, కోట కట్టిన వడ్డెరల పేర్లు ఎన్నడూ చెప్పని నేను ఈ విషయంలో ఎవరిని తప్పుపట్టగలను?

అయితే మేస్త్రీయే తోలరి అయిన కథ ఒకటున్నది. అది తెలుగువారిది కాదు, కాని విదేశాల్లో పుట్టిన మన బిడ్డలందరిదీ. కెన్యాలో కెరిచో అనే ఊళ్ళో 1932లో పుట్టిన జోగీందర్ సింగ్, తండ్రి గ్యారేజిలో పానా పట్టి పెరిగినవాడు. 1965లో తమ్ముడు జస్వంత్‌తో కలిసి ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీలో దిగాడు. కారు కొత్తది కాదు. అప్పటికే వాడి వదిలిన వోల్వో పీవీ 544. పెద్ద పెద్ద కంపెనీల జట్లు కొత్త కార్లతో వచ్చాయి. బురదలో, వాగుల్లో వేల కిలోమీటర్లు. గెలిచింది ఆ పాత వోల్వో. ఆ తరువాత 1974లో, 1976లో మళ్ళీ గెలిచాడు. బండి ఎక్కడ విరుగుతుందో ముందే తెలిసినవాడు విరగకుండా తోలగలడు అనేది నాకు అర్థమైన రహస్యం.

ఇక మనం ఉంటున్న గడ్డకు వద్దాము. కువైట్‌కు మొదటి మోటారు కారు 1912 ప్రాంతంలో వచ్చిందంటారు. బెల్జియంలో తయారైన మినర్వా. షేక్ ముబారక్ గారికి దాన్ని బహూకరించినది అల్ ఇబ్రహీం కుటుంబానికి చెందిన ముత్యాల వర్తకుడు. ఆయన కాపురం బొంబాయిలో. 1961 దాకా ఇక్కడ చెలామణి అయింది రూపాయే కదా, సముద్రం అవతల ఇవతల ఒకే బజారు. 1946లో చమురు ఎగుమతి మొదలైన తరువాత అహ్మదీ పట్టణం లేచింది, రోడ్లు వచ్చాయి, కార్లు వచ్చాయి, కార్లతో పాటు డ్రైవర్లూ మేస్త్రీలూ వచ్చారు. అప్పటిదాకా ఫింటాస్ అంటే సముద్రపు ఒడ్డున బావుల నీళ్ళతో సాగు చేసుకునే, చేపలు పట్టుకునే పల్లె. ఇప్పుడు మన మేడల కిటికీల్లోంచి చూస్తే ఆ సంగతి నమ్మబుద్ధి కాదు.

పందేలూ వచ్చాయి. 1984లో మొదలైన మధ్యప్రాచ్య ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో కువైట్ ఎడారి కూడా పందెపు దారి అయింది. ఆ ఛాంపియన్‌షిప్‌ను పద్నాలుగు సార్లు గెలిచిన దుబాయి మనిషి మహమ్మద్ బెన్ సులాయెం 2021లో ప్రపంచ మోటారు సమాఖ్యకు అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. 2010ల చివరికి మనకు దక్షిణాన అరిఫ్‌జాన్‌లో కువైట్ మోటార్ టౌన్ వచ్చింది. ఇది చెప్పడానికి కారణం, రోడ్డు మీద పందెం వేరు, మూసిన మైదానంలో పందెం వేరు అని మన పిల్లలకు తెలియాలి. గురువారం రాత్రి సముద్రపు రోడ్డులో టైర్లు కీచుమనడం మనం వింటూనే ఉన్నాము. ఆ శబ్దం ఎక్కడ ఆగుతుందో నా విద్యార్థి ఒకడి ఇంట నేను చూశాను. ఆ రాత్రి గురించి ఇంతకంటే వ్రాయలేను. 2025లో వచ్చిన కొత్త ట్రాఫిక్ చట్టం శిక్షలు బాగా పెంచింది. నేను సంతోషించాను.

కుర్రవాడి అబ్బ సంగతి ఇంకా చెప్పలేదు. ఆయన 1970ల చివర రాజంపేట నుంచి డ్రైవరుగా వచ్చారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. జీతాలు లేవు, బ్యాంకులు లేవు, విమానాశ్రయం మూత. మనవాళ్ళు బస్సుల్లో, లారీల్లో, సొంత కార్లలో బాస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వైపు సాగారు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు రెండు నెలల్లో 1,70,000 మందికి పైగా భారతీయులను ఇంటికి చేర్చాయి. ఆ విమానాల కథ ఇప్పుడు అందరికీ తెలుసు, సినిమా కూడా వచ్చింది. అమ్మాన్ దాకా చేర్చిన బండ్ల కథ ఎవరూ వ్రాయలేదు.

అబ్బ ఒక పాత డాట్సన్‌లో రెండు కుటుంబాలను ఎక్కించుకున్నారు. ఏడుగురు మనుషులు, నాలుగు నీళ్ళ డబ్బాలు. నీళ్ళలో సగం మనుషులకు, సగం రేడియేటర్‌కు. ఆగస్టు ఎండ. ఇంజను కాగిపోకుండా రాత్రిపూట తోలి, పగలు ఎక్కడ నీడ దొరికితే అక్కడ ఆపారు. బాగ్దాద్ దాటాక ఎడారిలో ఫ్యాన్ బెల్టు తెగింది. మార్చినప్పుడు తీసిన పాత బెల్టును పారెయ్యకుండా సీటు కింద దాచుకునే అలవాటు ఉన్నది గనుక, దాన్నే వేసి సరిహద్దు దాకా లాగించారు. అక్కడ డాట్సన్‌ను వదిలేసి నడిచారు. ఈ కథ నాకు కుర్రవాడు చెప్పలేదు. అతనికి తెలియదు. అతని నాన్నగారు చెప్పారు. అప్పుడు ఆయనకు తొమ్మిదేళ్ళు, వెనుక సీటులో నీళ్ళ డబ్బా మీద కూర్చున్నారట.

నేను ఆ కథను కుర్రవాడికి చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఏం డాట్సన్ సార్ అది?" అని మాత్రం అడిగాడు.

కరోలా పని ఎనిమిది నెలలు సాగింది. ఎడారి దేశంలో పాత బండికి తుప్పు తక్కువ అనుకుంటాము గాని, ఫింటాస్‌లో సముద్రపు ఉప్పుగాలి ఉన్నది. తలుపుల కింది అంచులు పొరలు పొరలుగా రాలాయి. రబ్బరు అన్నది ఏదీ మిగలలేదు. ఎండకు బుష్‌లు, ఇంజను మౌంట్లు, హోసులు అన్నీ పగిలాయి. దుమ్ము అన్నిటికంటే శత్రువు. ఎయిర్ ఫిల్టర్ మూత ఒక వెంట్రుక వాసి వదులుగా ఉన్నా సన్నటి ఇసుక లోపలికి పోయి సిలిండర్లను ఆకురాయిలా అరగదీస్తుంది. సంప్ కింద దళసరి రేకు బిగించాడు, రాయి తగిలితే ఆయిలు కారిపోకుండా. లోపల ఇనుప పైపుల పంజరం, నాలుగు పట్టీల బెల్టు. ఇవి లేకుండా దిగనని నా ముందు ప్రమాణం చేశాడు. విడిభాగాల కోసం పాత సామాన్ల యార్డుల్లో అతని వెంట నేనూ తిరిగాను. కార్బరేటర్ భాగాల పేర్లు తెలుగులో ఏమిటని అతను అడిగితే, కార్బరేటరే తెలుగు అని చెప్పాను.

మొన్న జనవరిలో ఒక శుక్రవారం ఉదయం ఇంజను మొదటిసారి సరిగా పలికింది. రాజంపేటకు ఫోను కలిపాడు. అబ్బ ముఖం తెరమీద కనిపించింది, కోపం తగ్గలేదు. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. అటు తరువాత ఆయనే, "ఆ ఫోను బానెట్ దగ్గర పెట్టు" అన్నారు. పెట్టాడు. ఇంజను అర నిముషం తిరిగింది.

"టాపెట్లు కొట్టుకుంటాండాయి రా. రెండోది జాస్తిగా ఉండాది. వేడి మీద సెట్ చెయ్యి, చల్లగుండంగ కాదు. పాత బెల్టు పారేసినావా?"

"లేదు అబ్బా," అన్నాడు కుర్రవాడు. "సీటు కింద పెట్టినా."